జర్నలిజం పీజీనా, తెలుగు-చరిత్రల పరిశోధనా: శ్రీకాకుళం, విజయనగరం విద్యార్థులకు ఒక పోలిక

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల డిగ్రీ కళాశాలల్లో రాయడం మీద మనసున్న విద్యార్థులు ఎప్పుడూ ఉంటూనే ఉన్నారు. కళాశాల సంచికకు వ్యాసం కావాలన్నా, ఎన్‌ఎస్‌ఎస్ శిబిరం నివేదిక రాయాలన్నా అధ్యాపకులు పిలిచేది వాళ్లనే. డిగ్రీ చివరి ఏడాదికి వచ్చేసరికి వాళ్ల ముందు రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో జర్నలిజం పీజీ చేసి పత్రికలోకో, చానెల్‌లోకో వెళ్లడం. రెండోది తెలుగు, చరిత్ర, ఇంగ్లిషు వంటి మానవీయ శాస్త్రాల్లో ఎం.ఏ. చేసి పరిశోధన వైపు, అధ్యాపక వృత్తి వైపు సాగడం. ఈ రెండూ రాతతో ముడిపడినవే కావడం వల్ల, ఏది పట్టుకున్నా ఒకటేనన్న భావన చాలామందిలో ఉంది. అది సరికాదు. రెండింటిలో రోజువారీ పని వేరు, సాక్ష్యం కొలిచే తీరు వేరు, చదువు ముగిశాక తెరుచుకునే తలుపులు వేరు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మన ప్రాంతం నుంచి వచ్చే, రాత మీద నిజమైన శ్రద్ధ ఉన్న విద్యార్థి తొలి పీజీగా మానవీయ శాస్త్రాల్లో ఒక సబ్జెక్టును గట్టిగా పట్టుకుని, పక్కనే పాత్రికేయ రచన సాధన చేయడం మేలు. అయితే ఈ మాట అందరికీ వర్తించదు. ఎవరికి వర్తిస్తుందో, ఎవరికి వర్తించదో తేల్చుకోవాలంటే ముందు కొలమానాలు స్పష్టంగా ఉండాలి.

## ముందుగా తేల్చుకోవలసినవి

అన్నిటికంటే ముందు చూసుకోవలసింది ఒక విషయంతో మీరు ఎంతకాలం ఉండగలరన్నది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస ప్రాంతంలో తీరం దాటి, ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. అలాంటి ఉదయం అక్కడికి చేరిన విలేకరి వేళ్లు పైకి తేలి పడి ఉన్న చెట్ల మధ్య నిలబడి, ఊరు పేరు, రైతు పేరు, ఎన్ని ఎకరాలు, ఎన్ని చెట్లు, తోట మీద ఉన్న అప్పెంత, అధికారులు ఏమన్నారు అన్నవి నోట్‌బుక్‌లో దింపుకుని, కరెంటు లేని ఊళ్ల నుంచి ఎలాగో బయటపడి, సాయంత్రానికి వార్త పంపాలి. మర్నాడు మరో ఊరు. పరిశోధకుడి పని దాదాపు అక్కడ మొదలవుతుంది. కొత్తగా నాటిన కొబ్బరి మొక్క కాపుకు రావడానికి కొన్నేళ్లు పడుతుంది. ఆ కొన్నేళ్లలో ఆ కుటుంబం దేని మీద బతికింది, ఇంట్లో ఎవరు ఏ ఊరికి వలస వెళ్లారు, నష్టపరిహారం జాబితాలో కౌలుదారు పేరు ఎందుకు లేదు, తోట పోయిన ఇంట్లో ఆడపిల్ల చదువు ఏమైంది అన్నవి ఒక్క పూటలో తేలేవి కావు. ఈ రెండు పనుల్లో ఏది తలచుకుంటే మీకు ఉత్సాహం కలుగుతుందో నిజాయితీగా చూసుకోండి. మిగిలిన కొలమానాలన్నీ దీని తర్వాతే.

రెండోది సాక్ష్యం. విలేకరి ఒక మాట విన్నప్పుడు దాన్ని ఇంకొకరి చేత ధ్రువపరచుకోవాలి, ఆరోపణ ఎదుర్కొంటున్నవారి వివరణ కూడా తీసుకోవాలి, అదంతా గడువులోపు జరగాలి. పరిశోధకుడు వీటితో ఆగడానికి లేదు. అదే విషయం మీద తనకు ముందు ఎవరేం రాశారో చదివి, తన మాట వాళ్ల మాటతో ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ విడిపోతుందో పాదసూచికలతో సహా చూపాలి. గడువు ఒత్తిడిలో మరింత చురుగ్గా పనిచేసేవారు కొందరు, ఆ ఒత్తిడిలో తప్పులు చేసేవారు కొందరు. ఇందులో ఎక్కువ తక్కువలు లేవు, స్వభావం మాత్రమే ఉంది.

మూడోది భాష, దీన్ని మనవాళ్లు ఆలస్యంగా గమనిస్తారు. అధ్యాపక అర్హతకు, పరిశోధన భృతికి రాసే జాతీయ పరీక్ష యూజీసీ నెట్‌లో భాషా సబ్జెక్టులు తప్ప మిగిలిన పేపర్లు ఇంగ్లిషు, హిందీలలోనే ఉంటాయి. అంటే తెలుగు సబ్జెక్టులో నెట్ రాసేవారికి రెండో పేపరు తెలుగులో ఉంటుంది. చరిత్రలోనో, జర్నలిజంలోనో రాసేవారికి ఉండదు. అందరికీ ఉమ్మడిగా ఉండే మొదటి పేపరు మాత్రం ఎవరికైనా ఇంగ్లిషు లేదా హిందీయే. డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలో చదివి, తరగతిలో అందరికంటే బాగా రాసే విద్యార్థి జర్నలిజం పీజీలో చేరాక సిద్ధాంత పాఠాలు, పుస్తకాలు ఇంగ్లిషులో ఉండటం చూసి మొదటి సెమిస్టరులోనే కుంగిపోవడం ఉంది. అందువల్ల ఆ దారి వదులుకోవాలని నా ఉద్దేశం కాదు, ముందు నుంచీ సిద్ధపడాలని మాత్రమే.

ఇక డబ్బు, ఉద్యోగం. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో రుసుములు తక్కువే అయినా, ఒకే విశ్వవిద్యాలయంలో రెగ్యులర్ కోర్సు, విద్యార్థుల రుసుములతోనే నడిచే సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సు అన్న తేడా ఉంటుంది. ఇంటి నుంచి రాకపోకలా, హాస్టలా, మెస్ బిల్లు ఎంత అన్నది రుసుము కంటే పెద్ద లెక్క కావచ్చు. ఉద్యోగాల సంగతి ఒక్కో దారి దగ్గర విడిగా చూద్దాం.

## ఎక్కడ చదవవచ్చు

ఆంధ్ర విశ్వవిద్యాలయ పీజీ కేంద్రంగా మొదలై 2008లో స్వతంత్ర విశ్వవిద్యాలయమైన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం శ్రీకాకుళం పక్కన ఎచ్చెర్లలో ఉంది. 2019లో ఏర్పడిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం విజయనగరం జిల్లాలో ఉంది. విశాఖపట్నంలో 1926 నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి జర్నలిజం శాఖ, పాత గ్రంథాలయం రెండూ ఉన్నాయి. ఇంకా దూరం వెళ్లగలిగినవారికి హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చేరడానికి ఏపీ పీజీసెట్, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ-పీజీ అన్న ప్రవేశ పరీక్షలు రాయాలి. రెండు నోటిఫికేషన్ల గడువులు వేర్వేరు కాబట్టి రెండూ రాయడమే మంచిది. చేరేవారు తక్కువైతే కొన్ని శాఖల్లో ఆ ఏడాదికి ప్రవేశాలు ఆపేయడం జరుగుతుంది కనుక, పాత బ్రోచర్‌ను నమ్మకుండా ఆ సంవత్సరపు సీట్ల జాబితానే చూడాలి.

## ఒక్క చూపులో

| అంశం | జర్నలిజం పీజీ | తెలుగు/చరిత్ర ఎం.ఏ., ఆపై పీహెచ్‌డీ | సబ్జెక్టు ఎం.ఏ.తో పాటు పాత్రికేయ సాధన |
|---|---|---|---|
| పట్టే కాలం | 2 ఏళ్లు | 2 ఏళ్లు, ఆపై 3 నుంచి 6 ఏళ్లు | 2 ఏళ్లు. దూరవిద్య డిప్లొమా కూడా అందులోనే పూర్తి చేయవచ్చు |
| చివరికి చేతిలో ఉండేది | ఇంటర్న్‌షిప్, బైలైన్లు (సొంత పేరుతో అచ్చయిన వార్తలు), కెమెరా-ఎడిటింగ్ అలవాటు | పరిశోధన గ్రంథం, ఒక విషయం మీద పట్టు | ఎం.ఏ. పట్టా, అచ్చయిన వ్యాసాల కట్ట |
| భాష | సిద్ధాంతం ఇంగ్లిషులో, రాత తెలుగులో | తెలుగు శాఖలో తెలుగే. చరిత్రలో ఇంగ్లిషు తప్పదు | రెండూ అలవడతాయి |
| తొలి సంపాదన | త్వరగా వస్తుంది, కానీ కొద్దిగానే | జేఆర్‌ఎఫ్ (నెట్ ద్వారా వచ్చే పరిశోధన భృతి) వస్తే మెరుగు, రాకపోతే చాలా ఆలస్యం | కొద్దిపాటి పారితోషికం |
| అధ్యాపక అవకాశాలు | తక్కువ | ఎక్కువ | ఎక్కువ |
| ముఖ్యమైన ఇబ్బంది | విషయ పరిజ్ఞానం పలుచబడే ప్రమాదం | సగంలో ఆగిపోయే ప్రమాదం | రెండు పనుల మధ్య నలిగిపోవడం |

## జర్నలిజం పీజీ

ఈ కోర్సులో వార్తా సేకరణ, ఎడిటింగ్, పత్రికల చరిత్ర, కమ్యూనికేషన్ సిద్ధాంతాలు, మీడియా చట్టాలు, రేడియో-టెలివిజన్ నిర్మాణం, ప్రకటనలు, ప్రజా సంబంధాలు, చివర డిసర్టేషన్, ఇంటర్న్‌షిప్ సాధారణంగా ఉంటాయి. వీటిలో కొన్ని ఉద్యోగంలో చేరాక కూడా వస్తాయి. వార్తకు ఇంట్రో రాయడం, శీర్షిక పెట్టడం వార్తలు దిద్దే ఏ డెస్కులో కూర్చున్నా ఆరు నెలల్లో అలవడుతుంది. తరగతిలో తప్ప సరిగా అందనివి మరికొన్ని ఉన్నాయి. పరువు నష్టం కేసు ఎప్పుడు నిలుస్తుంది, లైంగిక దాడి బాధితురాలి గుర్తింపు ఎందుకు బయటపెట్టకూడదు, కోర్టులో నడుస్తున్న వ్యవహారం మీద ఏ మేరకు రాయవచ్చు, సమాచార హక్కు చట్టం కింద ఏ ప్రశ్నను ఎలా అడిగితే కార్యాలయం తప్పించుకోలేదు అన్నవి మండల విలేకరికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. 2005 నాటి ఆ చట్టం ప్రకారం మామూలుగా 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలి. ఆ దరఖాస్తును సెమిస్టరు పనిగా చేయించే అధ్యాపకుడు దొరికితే ఆ శాఖ మంచిదనే లెక్క.

శాఖ నాణ్యతకు మరో గుర్తు ల్యాబ్ జర్నల్. విద్యార్థులే వార్తలు తెచ్చి, దిద్ది, పేజీలు కట్టి తీసుకువచ్చే ఆ పత్రిక చివరి సంచిక ఏ నెలదో అడిగి చూడండి. క్యాంపస్ కార్యక్రమాల ఫొటోలు, అతిథుల ప్రసంగాలతోనే నిండిన సంచిక ఒక రకం. ఎచ్చెర్ల పరిసరాల్లోని పరిశ్రమల గురించో, నాగావళి ఇసుక గురించో, హాస్టల్ తాగునీటి గురించో విద్యార్థి తిరిగి రాసిన వార్తలున్న సంచిక మరో రకం. రెండేళ్లు ఏ రకం శాఖలో గడుపుతారన్నది మీ పట్టా మీద కనిపించదు, మీ రాతలో కనిపిస్తుంది.

ఇక ఉద్యోగం. పత్రికలో చేరే జర్నలిజం పీజీ విద్యార్థికి రెండు తలుపులుంటాయి. డెస్కులో సబ్ ఎడిటర్‌గా చేరితే నెల జీతం ఉంటుంది, పని ఎక్కువగా సాయంత్రం మొదలై అర్ధరాత్రి దాటే దాకా సాగుతుంది. క్షేత్రంలో విలేకరిగా, ముఖ్యంగా మండల స్థాయిలో చేరితే పరిస్థితి వేరు. చాలా చోట్ల నెల జీతం ఉండదు. అచ్చయిన వార్తల నిడివి కొలిచి ఇచ్చే లైన్ అకౌంటే ఆదాయం. దానికి తోడు పండుగలకు, నాయకుల పుట్టినరోజులకు ప్రకటనలు సేకరించే బాధ్యత కూడా విలేకరి మీదే పడుతుంది. ఏ వ్యాపారి దగ్గర ప్రకటన తీసుకున్నామో ఆ వ్యాపారి గురించి రేపు నిష్పక్షపాతంగా రాయడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. జర్నలిజం పీజీ చేసిన విద్యార్థి ఈ ఏర్పాటును తెలిసి ఎంచుకోవాలి తప్ప, చేరాక తెలుసుకోకూడదు.

పత్రికల బయట కూడా అవకాశాలున్నాయి. ప్రభుత్వ సమాచార, పౌర సంబంధాల శాఖ, ఆకాశవాణి, స్వచ్ఛంద సంస్థల ప్రచార విభాగాలు, డిజిటల్ వేదికలు ఈ పట్టాకు విలువనిస్తాయి. అయితే ఇంటర్మీడియట్ స్థాయిలో జర్నలిజం సబ్జెక్టు లేదు కనుక జూనియర్ లెక్చరర్ పోస్టులు ఈ దారిలో లేవు. డిగ్రీ కళాశాలల్లోనూ ఈ శాఖలు కొద్దే. ‘ఏమీ కాకపోతే లెక్చరర్ అవుతాను’ అనుకునేవారు ఈ ఒక్క సంగతిని రెండుసార్లు ఆలోచించాలి.

పత్రికా సంస్థలు తామే నడిపే జర్నలిజం పాఠశాలలను ఈ పోలికలో చేర్చలేదు. అవి భృతి ఇచ్చి, ఒప్పందం రాయించుకుని, తమ డెస్కుకు కావలసినవారిని తయారు చేసుకునే ఏర్పాట్లు. వెంటనే సంపాదన కావలసినవారికి అది గౌరవప్రదమైన దారే.

## మానవీయ శాస్త్రాలు, పరిశోధన

ఈ దారి గురించి మన ప్రాంతంలో ఒక చిన్నచూపు ఉంది. ‘ఎం.ఏ. తెలుగు చేసి ఏం చేస్తావు’ అన్న మాట వినని విద్యార్థి ఉండడు. ఆ మాట అనేవారికి మన రెండు జిల్లాల్లో ఇంకా ఎవరూ ముట్టుకోని పరిశోధన సామగ్రి ఎంత ఉందో తెలియదు.

శ్రీకాకుళంలోని కథానిలయాన్నే తీసుకోండి. కాళీపట్నం రామారావు 1997లో స్థాపించిన ఈ గ్రంథాలయం తెలుగు కథలను, అవి వెలువడిన పత్రికలను కూడబెట్టి కాపాడుతోంది. అక్కడికి వెళ్లిన విద్యార్థి సాధారణంగా తనకు కావలసిన కథ దొరకగానే ఫొటో తీసుకుని బయటపడతాడు. అలా చేయకండి. అంచులు పొడి రాలుతున్న ఆ పాత వారపత్రికను మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా తిప్పండి. కథకు ఎదురు పేజీలో సబ్బు ప్రకటన, దాని కింద చందా వివరం, లోపల ధాన్యం ధరల మీద సంపాదకుడి వ్యాఖ్య, వెనక పేజీల్లో గత వారం కథ మీద విరుచుకుపడిన పాఠకుడి ఉత్తరం ఉంటాయి. ఆ కథను మొదట చదివినవారు ఏ లోకంలో ఉండి చదివారో ఆ సంచిక చెబుతుంది, తర్వాత వచ్చిన సంపుటి చెప్పదు. సాహిత్య పరిశోధనకు, పత్రికా చరిత్రకు ఒకే బల్ల మీద ఇంత పని దొరికే చోటు మన జిల్లాలో ఉండటం చిన్న విషయం కాదు.

చరిత్ర విద్యార్థికి ఇంకొక సంగతి తెలిసి ఉండాలి. 1936లో ఒడిశా ఏర్పడే దాకా శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట ప్రాంతాలు గంజాం జిల్లాలో ఉండేవి. ఆ తర్వాత విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950లో శ్రీకాకుళం జిల్లా, 1979లో విజయనగరం జిల్లా ఏర్పడ్డాయి. అందువల్ల వందేళ్ల కిందటి సోంపేట గురించి వెతికేవారు ‘శ్రీకాకుళం’ అన్న పేరుతో వెతికితే ఏమీ దొరకదు. గంజాం జిల్లా రికార్డులు, అప్పటి ‘చికాకోల్’ పేరు పట్టుకుని మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు భద్రపరచిన చెన్నై ఎగ్మూరులోని ప్రాచీన పత్రాల కార్యాలయం దాకా వెళ్లాలి. ఇలాంటి దారులు చూపే గైడ్ దొరికితే రెండేళ్ల ఎం.ఏ.కే ఒక అర్థం వస్తుంది.

శ్రీముఖలింగం శాసనాలు, వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ స్థలం, బొబ్బిలి వీణల తయారీ, పొందూరు నేత, సవర భాష - ఒక్కొక్కటీ ఒక జీవితకాలపు పని. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ సవరల భాష నేర్చుకుని, దానికి 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. 1960ల చివర పార్వతీపురం, పాలకొండ ఏజెన్సీలో సాగిన గిరిజన పోరాటాన్ని కళ్లారా చూసినవారు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ల వయసులో ఉన్నారు. వాళ్ల మాటలు రికార్డు చేయడానికి మిగిలిన కాలం ఎక్కువ లేదు. నాకు ఈ విషయంలో ఆతృత ఉంది, దాన్ని దాచుకోను.

ఇప్పుడు కష్టాలు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కోర్స్ వర్కుతో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు పడుతుంది. మహిళలకు మరో రెండేళ్ల సడలింపు ఉంది. జేఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు ₹37,000, తర్వాత ₹42,000 వస్తుంది. దీనికి వయోపరిమితి 30 ఏళ్లు. ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు, మహిళలకు ఐదేళ్ల సడలింపు ఉంటుంది. 2024 జూన్ నుంచి నెట్ ఫలితాన్ని మూడు అంచెలుగా ఇస్తున్నారు. జేఆర్‌ఎఫ్ రాకపోయినా, కింది అంచెలో నిలిచినవారికి నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం విలువనిచ్చి పీహెచ్‌డీ ప్రవేశం కల్పించే వీలుంది. ప్రవేశం దొరకడం వేరు, భృతి దొరకడం వేరు. ఫెలోషిప్ లేని స్కాలరు ట్యూషన్లు చెప్పుకుంటూ, ప్రైవేటు కళాశాలలో గంటల లెక్కన పాఠాలు చెప్పుకుంటూ సిద్ధాంత వ్యాసం రాయవలసి వస్తుంది. ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే. ఫెలోషిప్ ఉన్నవారికి కూడా డబ్బు ఠంచనుగా నెలనెలా పడుతుందని ఇంటి ఖర్చులు దాని మీదే లెక్క వేసుకోవద్దని నా సలహా.

అయితే ఎం.ఏ.తోనే ఆగినా ఈ దారిలో చేయగల ఉద్యోగాలున్నాయి. తెలుగు, ఇంగ్లిషు, చరిత్ర సబ్జెక్టులకు జూనియర్ లెక్చరర్ పోస్టులు ఉంటాయి. బీఈడీ తోడైతే పాఠశాలల తలుపూ తెరుచుకుంటుంది. చరిత్ర చదివినవారికి గ్రూప్స్ పరీక్షల్లో ఆ చదువు నేరుగా పనికొస్తుంది.

## రెండూ కలిపి నడిపే దారి

నేను ఎక్కువ మందికి సూచించేది ఇదే. దీనికి మన ప్రాంతంలోనే మంచి ఉదాహరణ ఉంది. గిడుగు పరిశోధకుడే కాదు, వ్యావహారిక భాష కోసం 1919లో ‘తెలుగు’ అన్న పత్రికను కూడా నడిపారు. పర్లాకిమిడి కళాశాలలో ఆయన దగ్గర చదువుకున్న తాపీ ధర్మారావు తర్వాత ‘జనవాణి’ సంపాదకుడిగా వాడుక భాషను దినపత్రిక పేజీల్లోకి తెచ్చారు. గురువు వాదించింది శిష్యుడి చేతిలో పాఠకుల ఇళ్లకు చేరింది. విద్వత్తు లేకుండా ఆ పాత్రికేయం ఉండేది కాదు, పాత్రికేయం లేకపోతే ఆ విద్వత్తు పండితుల వివాదంగానే మిగిలేది.

నేటి నిబంధనలు కూడా ఇందుకు అనుకూలంగా ఉన్నాయి. 2022లో యూజీసీ రెండు కోర్సులను ఏకకాలంలో చదివేందుకు అనుమతించింది. తరగతుల వేళలు ఒకదానికొకటి అడ్డం రాకూడదు, లేదా ఒకటి దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో ఉండాలి. పీహెచ్‌డీకి ఇది వర్తించదు. అంటే ఎచ్చెర్లలోనో విశాఖలోనో ఎం.ఏ. చదువుతూ, ఇగ్నో వంటి సంస్థ నుంచి జర్నలిజం పీజీ డిప్లొమా పూర్తి చేయవచ్చు. పట్టా కంటే ముఖ్యమైనది అచ్చయిన పని. ఆదివారం అనుబంధాలు, సాహిత్య పేజీలు, జిల్లా ప్రత్యేక సంచికలు, వెబ్ పత్రికలు సరైన వ్యాసాన్ని తిప్పి పంపవు. నెలకొక్క వ్యాసం చొప్పున రాసినా రెండేళ్లు తిరిగేసరికి చూపించుకోదగ్గ పని పోగవుతుంది. మిత్రులు కలిసి సొంతంగా పత్రిక పెట్టాలనుకుంటే, వార్తలు, వార్తా వ్యాఖ్యలు ఉన్న నియతకాలిక పత్రికకు 2023 నాటి పత్రికల నమోదు చట్టం కింద రిజిస్ట్రేషన్ అవసరమని, విద్యా విషయక జర్నల్‌కు ఆ నిర్వచనం వర్తించదని గుర్తుంచుకోవాలి.

ఈ దారిలో నిజమైన ప్రమాదం సమయాభావం కాదు, మాట తప్పడం. ఉద్దానం కిడ్నీ వ్యాధికి కారణం ఇదీ అని ఇప్పటికీ తేల్చలేకపోయారు. వ్యాధి బయటపడితే పిల్లకు సంబంధాలు రావని భయపడి దాచుకునే కుటుంబాలుంటాయి. కవిటిలోనో, వజ్రపుకొత్తూరులోనో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని మీరు పరిశోధన కోసం ప్రశ్నలు అడిగితే, పేరు రాయరన్న నమ్మకంతో ఆ ఇల్లాలు డయాలసిస్‌కు ఎంత అప్పు చేసిందీ, ఎవరి దగ్గర చేసిందీ చెబుతుంది. పత్రికకు పేరు కావాలి, ఫొటో కావాలి. ఆ రోజు విన్న మాటను వచ్చే ఆదివారం వ్యాసంలో వాడుకోవాలన్న కోరిక బలంగా కలుగుతుంది. వాడకూడదు. వాడితే ఆ ఊళ్లో మీరే కాదు, మీ తర్వాత వచ్చే పరిశోధకుడు కూడా గుమ్మం ఎక్కలేడు. అందుకే రెండు వేర్వేరు నోట్‌బుక్కులు పెట్టుకుని, ఏ పని మీద వచ్చామో పుస్తకం తెరవక ముందే ఎదుటివారికి చెప్పడం తప్పనిసరి అలవాటు కావాలి. ఒక ఇంట్లో ఒక పని మాత్రమే. తర్వాత అదే ఇంటి గురించి పత్రికలో రాయాలనిపిస్తే, మళ్లీ వెళ్లి, మళ్లీ అడిగి, ఒప్పుకుంటేనే రాయాలి.

## జర్నలిజంలోనే పరిశోధన

దీన్ని ఎంచుకునేవారు తక్కువ. ఇప్పటికే పత్రికలో పదేళ్లు పనిచేసినవారికి ఇది బాగా నప్పుతుంది. యజమాని సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకుంటే పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి నిబంధనలు వీలిస్తాయి. జిల్లా ఎడిషన్లు వచ్చాక మండల వార్త స్వరూపం ఎలా మారింది, గిరిజన గ్రామాల వార్తలు ఎవరి గొంతుతో వస్తున్నాయి వంటి ప్రశ్నలకు లోపలివారు ఇచ్చే జవాబులో ఉండే లోతు బయటివారికి రాదు. తాము పనిచేసే సంస్థనే పరిశీలించవలసి వస్తే మాత్రం ఆ సంగతిని సిద్ధాంత వ్యాసంలోనే ప్రకటించాలి.

## ఎవరికి ఏది

ఇంట్లో తొలిసారి పీజీ దాకా వచ్చి, రెండేళ్లలో ఎంతో కొంత ఇంటికి పంపవలసిన పరిస్థితిలో ఉన్న విద్యార్థికి నేను పీహెచ్‌డీ కలను ముందు పెట్టను. తెలుగు మీద పట్టు ఉంటే ఎం.ఏ. తెలుగు, బీఈడీ, జూనియర్ లెక్చరర్ పరీక్ష అన్న వరుస అతనికి భద్రం. తోచిన కొద్దీ రాసుకోవచ్చు, పరిశోధన ఉద్యోగంలో ఉండి కూడా చేయవచ్చు.

ఊళ్లో గొడవ జరిగితే అందరికంటే ముందు అక్కడుండి, అందరితో మాట్లాడి, రాత్రికి ఆ సంగతి రాయకపోతే నిద్ర పట్టనివారు జర్నలిజం పీజీలోనే చేరాలి. అలాంటివారిని గ్రంథాలయంలో కూర్చోబెట్టి ప్రయోజనం లేదు. వాళ్లు చదువుకునే రోజుల్లోనే ఏదో ఒక రంగాన్ని, మత్స్యకారుల వలసలు కావచ్చు, వంశధార నిర్వాసితుల సమస్య కావచ్చు, ఒకదాన్ని పట్టుకుని దాని మీద వచ్చిన పుస్తకాలు కూడా చదువుతూ ఉంటే విషయం పలుచబడదు.

దూరం పంపడానికి ఇంట్లో ఒప్పుకోని అమ్మాయిలు చాలామంది ఉన్నారు. వాళ్లు దగ్గరలో ఉందని ఏదో ఒక కోర్సులో చేరిపోవడం కంటే, దగ్గరలో దొరికే కోర్సుల్లో బలమైన శాఖ ఏదో చూసి చేరడం మేలు. డెస్కు ఉద్యోగంలో రాత్రి వేళల సంగతి ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి. రాత్రి రవాణా ఏర్పాటు గురించి సంస్థను ఇంటర్వ్యూలోనే అడగవచ్చు, అది మొహమాటపడవలసిన ప్రశ్న కాదు.

ఇప్పటికే మండలంలో విలేకరిగా ఉండి, పట్టా కోసం జర్నలిజం పీజీ చేయాలనుకునేవారికి నా మాట వేరు. మీకు ఆ వృత్తి తెలుసు. చరిత్ర గానీ, సామాజిక శాస్త్రం గానీ, అర్థశాస్త్రం గానీ చదవండి. మీరు రోజూ రాస్తున్న భూమి తగాదాల వెనక ఎస్టేట్ల రద్దు, ఏజెన్సీ భూబదలాయింపు నిబంధనలు ఎలా ఉన్నాయో తెలిసినప్పుడు మీ వార్త మారిపోతుంది.

## దరఖాస్తుకు ముందు

తేల్చుకోలేకపోతే ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. మీ మండలంలోని ఒకే విషయాన్ని తీసుకుని, రెండు రోజుల్లో నాలుగు వందల మాటల వార్తగా రాయండి. తర్వాత అదే విషయం మీద వేసవి సెలవుల్లో పది పేజీల వ్యాసం, చదివిన పుస్తకాల, కలిసిన మనుషుల వివరాలతో సహా రాయండి. ఏది పూర్తయిందో కాదు, ఏది రాస్తున్నప్పుడు మధ్యలో లేవబుద్ధి కాలేదో చూసుకోండి.

చేరదలచిన శాఖకు ఒక పనిరోజున స్వయంగా వెళ్లండి. శాశ్వత అధ్యాపకులు ఎందరు, అతిథి అధ్యాపకులు ఎందరు, నిరుడు ఎన్ని సీట్లు నిండాయి, కోర్సు రెగ్యులరా సెల్ఫ్ ఫైనాన్సా, పరీక్ష తెలుగులో రాయవచ్చా అని కార్యాలయంలో అడగండి. ప్రస్తుత విద్యార్థులతో క్యాంటీన్ దగ్గర అరగంట మాట్లాడితే ఇంకా చాలా తెలుస్తుంది. పరిశోధన ఉద్దేశం ఉంటే, మీరు గైడ్‌గా అనుకుంటున్నవారి దగ్గర పూర్తయిన సిద్ధాంత వ్యాసాలను, అలాంటివి భద్రపరిచే శోధగంగ వెబ్‌సైట్‌లో తెరిచి చివరి ఆధారాల పట్టిక చదవండి. అందులో ఊళ్లలో సేకరించిన ఇంటర్వ్యూలు, పాత పత్రికల సంచికలు, రికార్డుల వివరాలు ఉంటే ఆ గైడ్ విద్యార్థిని బయటికి పంపి పని చేయించే మనిషి. పది పాఠ్యపుస్తకాల పేర్లే ఉంటే మరొకరిని చూసుకోవాలి. పీజీసెట్ ఫలితాలు వచ్చాక వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి దొరికేది కొద్ది రోజులే కనుక, ఈ పనులన్నీ డిగ్రీ చివరి సెమిస్టరు నడుస్తుండగానే పూర్తి చేసుకోవాలి.